అదను తప్పిన గృహసహాయము

వాన కురిసి నేల పదునెక్కినపుడు విత్తనము చేతికందినచో అది సహాయము. పదును ఆరిపోయిన పిమ్మట అదే విత్తనము అంతే తూకముతో ఇంటికి వచ్చినను అది సహాయము కాదు. అప్పులలో మరియొక అప్పు. ఈ సంగతి మన పత్రిక చదువరులకు మేము బోధింపనక్కరలేదు. అయితే సేద్యమునందు ఇంత స్పష్టముగ ఎరిగిన న్యాయమును ఇంటి విషయమున మనము మరచుచున్నాము. పేదల ఇండ్లకై ప్రభుత్వములు వెచ్చించు ధనమును గూర్చియు, అది వేళకు అందకుండుటను గూర్చియు, స్వంత ఇల్లు లేక అద్దెకుండువానికి ఏ సహాయమును లేకుండుటను గూర్చియు మా అభిప్రాయమును ఈ నెల సంఘ సభ్యుల యెదుట ఉంచుచున్నాము. ఇది ప్రభుత్వముపై ఫిర్యాదు మాత్రమే కాదు. ఇందు మన వంతు తప్పును కలదు.

ఈ విషయమున ప్రభుత్వములు ఏమియు చేయలేదనుట అన్యాయము. 1979లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ యేర్పడెను. 1983 మొదలు బలహీన వర్గములవారికి పక్కా ఇండ్లు కట్టించు పని పెద్దయెత్తున సాగెను. 1985–86లో కేంద్ర ప్రభుత్వము ఇందిరా ఆవాస్ యోజనను ప్రారంభించెను. 2006లో మన రాష్ట్రమున ఇందిరమ్మ పథకమును, 2016లో దేశమంతటికిని ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజనయు వచ్చెను. తెలంగాణమున 2015లో రెండు పడకగదుల ఇండ్లు మొదలయ్యెను. 2024 మార్చిలో ఇంటికి రు. 5 లక్షలిచ్చు ఇందిరమ్మ ఇండ్ల పథకము ఆరంభమయ్యెను. ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరు 25వ తేదీన సుమారు 30 లక్షల ఇంటిస్థలముల పంపిణీకి పూనుకొనిరి. గ్రామములలో సెంటున్నర, పట్టణములలో సెంటు చొప్పున స్థలమును, ఇంటికి రు. 1,80,000 సహాయమును నిర్ణయించిరి. మన చిన్ననాట వేసవిలో ఒక్క నిప్పురవ్వకు తాటాకు పాకల వాడ యంతయు బుగ్గియగుట కన్నులార చూచినవారము. నేడట్టిది అరుదయ్యెను. ఈ మేలును కాదనువాడు కృతఘ్నుడు.

అయినను ఈ పథకములలో కొన్నిటియందు ఒకే పోకడ కానవచ్చుచున్నది. ధనము పనికి ముందు రాదు. పని జరిగిన పిమ్మట వచ్చును. పునాది లేచిన తరువాత ఒక బిల్లు, గోడలు లేచిన తరువాత మరియొకటి, కప్పు పడిన తరువాత వేరొకటి. తెలంగాణ పథకమున మొదటి లక్ష చేతికి రావలెనన్న పునాది పీఠము పూర్తికావలెను. ప్రజాధనము దుర్వినియోగము కాకుండుటకు ఈ కట్టుబాటు అవసరమే. ఇల్లు కట్టకయే డబ్బు తిన్నవారిని మనమును చూచితిమి. కాని పునాదికి ముందు చేతిలో డబ్బు లేనివాడే గదా పేదవాడు! పునాది తన ధనముతో వేయగలవాడే ఈ సహాయమునకు అర్హుడైనచో, సహాయము పేదతనమునకు కాక కొంత కలిమికి దక్కుచున్నదన్నమాట.

మొత్తము సంగతియు ఆలోచింపదగినదే. గ్రామీణ ఆవాస్ యోజనలో మైదాన ప్రాంతమునకు రు. 1,20,000 అనియు, కొండ ప్రాంతమునకు రు. 1,30,000 అనియు 2016లో నిర్ణయించిరి. 2024 ఆగస్టులో మరి 2 కోట్ల ఇండ్లకు అనుమతి నిచ్చినపుడును మొత్తము అదియే. ఈ నడుమ ఇనుము, సిమెంటు, మేస్త్రి కూలి ఎంత పెరిగినవో పశువుల పాక వేయించిన ప్రతి రైతునకును తెలియును. ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుమని పెద్దలు ఊరక అనలేదు.

మేము ప్రదర్శన క్షేత్రముల పనిమీద తిరుగు గ్రామములలో ఒకచోట జరిగిన సంగతి చెప్పెదము. ఊరి పేరును మనిషి పేరును అనవసరము. ఆలుమగలిద్దరును మిరప తోటలలో కూలికి పోవువారు. వారికి ఒక పాడిగేదె, పదవ తరగతి చదువు కూతురు. ఇల్లు మంజూరైనదని మాఘమాసములో కబురు వచ్చెను. ఉన్న స్థలము అదియొక్కటియే గనుక పాక పీకి అచ్చటనే పునాది త్రవ్విరి. కాపురము ఎక్కడ చేయవలెను? ఊరిలో ఒక ఆసామి గొడ్లసావిడిలో సగము భాగము నెలకు రు. 1,500 అద్దెకు తీసికొనిరి. పునాదికిని గోడలకును రు. 80,000 నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిరి. మొదటి బిల్లు రావలసిన నెలలో రాలేదు. ఫొటో తీయవలసిన ఉద్యోగి బదిలీ అయ్యెను. తరువాత వచ్చినవాడు వివరములను మరల నమోదు చేయవలెననెను. ఇంతలో వానలు పట్టుకొనెను. కప్పు పడి ఇంటిలో దీపము పెట్టుసరికి పదునాలుగు నెలలు గడచెను. ఆ పిల్ల పరీక్షకు గొడ్లసావిడిలోనే చదివెను.

లెక్క చూడుడు. అద్దె పదునాలుగు నెలలకు రు. 21,000. వడ్డీ నెలకు రు. 2,400 చొప్పున రు. 33,600. రెండును కలిపి రు. 54,600. ప్రభుత్వమువారిచ్చిన రు. 1,80,000లలో నూటికి ముప్పది వంతులు ఇటుకలోనికిని సిమెంటులోనికిని పోలేదు. అద్దెకును వడ్డీకిని పోయెను. ఆ లోటు పూడ్చుటకు గేదెను అమ్మిరి. పథకపు పట్టికలో ఆ ఇల్లు పూర్తియైన ఇండ్లలో నొకటి. గేదె సంగతి ఏ పట్టికలోను లేదు.

మేము చదివిన మిషను బడిలో ఏటేట క్రిస్మసునాడు, సత్రములో చోటు దొరకని ఆలుమగలు పశువులశాలలో తల దాచుకొనిన కథను పిల్లలచేత ఆడించెడివారు. సత్రపువాడు కఠినుడని ఆనాడు మేమందరమును తలచితిమి. నేడు విచారించి చూడగా అతడు అబద్ధమాడలేదు. నిజముగనే చోటు లేదు. చోటు లేకుండుటకు ఎవ్వరును బాధ్యులు కాకుండుటయే అందలి దోషమని తోచుచున్నది. మన గ్రామములందును స్థితి అట్లే యున్నది. బిల్లు ఆలస్యమునకు ఉద్యోగి బాధ్యుడు కాడు, అద్దెకు ఆసామి బాధ్యుడు కాడు, వడ్డీకి వ్యాపారి బాధ్యుడు కాడు. భారమును మోసినది మాత్రము ఆ కుటుంబము.

ఇందు సహకార సంఘము చేయదగిన పని యున్నది. మంజూరు ఉత్తర్వు చేతనున్న కుటుంబమునకు, బిల్లు వచ్చువరకు సంఘము వంతెన ఋణము నీయవలెను. అదే రు. 80,000 నూటికి నెలకు రూపాయి వడ్డీకి దొరకినచో నెలకు వడ్డీ రు. 800 మాత్రమే. డబ్బు వేళకు అందినచో పని ఆగదు. అయిదారు నెలలలో ఇల్లు పూర్తియగును. అయిదు నెలలనుకొన్న వడ్డీ రు. 4,000, అద్దె రు. 7,500, వెరసి రు. 11,500. రు. 54,600 ఎక్కడ, రు. 11,500 ఎక్కడ! రు. 4 లక్షల నిధి ఒక్కటి ప్రత్యేకించినచో ఒకేసారి అయిదు కుటుంబములకు ఈ సాయము చేయవచ్చును. ఆరేసి నెలలకు సొమ్ము తిరిగి వచ్చినచో సంవత్సరమునకు పది ఇండ్లు నిలుచును.

సభ్యులు కొందరు దీనికి రెండు ఆక్షేపణలు తెలుపుదురని మేమెరుగుదుము. మొదటిది, మన సంఘము సేద్యపు అప్పులకు పుట్టినదిగాని ఇండ్లకు గాదనుట. 2023లో కేంద్ర సహకార మంత్రిత్వశాఖవారు పంపిన నమూనా ఉపనిబంధనలు ప్రాథమిక సంఘములు 25కు మించిన వ్యాపకములు చేపట్టుటకు వీలు కల్పించినవి. మన ఉపనిబంధనలలో తావు లేకున్న సర్వసభ్య సమావేశమున సవరణకు పూనుకొందము. రెండవది, బిల్లు రాకపోయిన మన సొమ్ము మునుగునను భయము. ఇది నిజమైన భయమే. కావున స్థలము పట్టా, మంజూరు ఉత్తర్వు, నమోదు పూర్తియైనవారికే ఈయవలెను. ఒక్కసారి గాక పనినిబట్టి మూడు విడతలుగ నీయవలెను. ఇల్లాలి పొదుపు సంఘము హామీ యుండవలెను. బిల్లు వచ్చు బ్యాంకు ఖాతానుండియే సంఘమునకు జమ యగునట్లు ముందే వ్రాయించుకొనవలెను. ఇంత చేసినను నూటికొకటి రెండు మునుగవచ్చును. వానను నమ్మి పంట ఋణములిచ్చు సంఘమునకు ఇది క్రొత్త ధైర్యము కాదు.

ఇంతవరకు స్వంత స్థలము గలవాని సంగతి. స్థలమును లేనివాని గతి యేమి? ఉన్న ఊరు విడిచి పనికై పోవువాని గతి యేమి? మన దేశమున ప్రజాధనమంతయు ఇల్లు కట్టుటకే ప్రవహించెను. ఇంటిలో అద్దెకుండుటకు దాదాపు ఏమియు రాలేదు. 2011 జనాభా లెక్కలనుబట్టి పట్టణ కుటుంబములలో నూటికి 27 మందికి పైగా అద్దె ఇండ్లలో నుండిరి. ఆ లెక్కలోనే పట్టణములలో 1 కోటి 11 లక్షల ఇండ్లు ఖాళీగ నుండెను. 2012లో ప్రభుత్వ నిపుణుల సంఘము పట్టణములలో 1 కోటి 87 లక్షల 80 వేల ఇండ్లు కొరతయని లెక్క కట్టెను. ఆ కొరతలో నూటికి 95కు పైగా పేదలదియు అల్పాదాయము వారిదియునే. ఒక ప్రక్క ఖాళీ ఇండ్లు, ఒక ప్రక్క ఇండ్లు లేని జనము. పంట మార్కెట్టులో పడియుండగా కొనలేక పస్తున్నవాని స్థితివంటిది ఇది.

2020లో కరోనా వ్యాధివలన దేశమంతయు మూతపడినపుడు కూలిజనము వందల మైళ్లు కాలినడకన స్వగ్రామములకు పోయిరి. వారిలో ననేకులను తరిమినది ఆకలి యొక్కటే కాదు, అద్దెయును. ఆ దృశ్యము చూచిన పిమ్మటనే 2020 జూలైలో కేంద్ర ప్రభుత్వము అందుబాటు అద్దె గృహసముదాయముల పథకమును ఆమోదించెను. ప్రభుత్వ ధనముతో కట్టి ఖాళీగ పడియున్న ఇండ్లను 25 సంవత్సరముల ఒప్పందముపై బాగుచేసి వలస కార్మికులకు అద్దెకిచ్చుట అందొక భాగము. 2024లో ప్రారంభమైన పట్టణ ఆవాస్ యోజన రెండవ విడతలోను అద్దె గృహములకు స్థానమిచ్చిరి. ఆలోచన మంచిది. అయితే ఇది పట్టణములకే పరిమితము. పల్లెకు వలసవచ్చు కూలివాడు ఈ లెక్కలో లేడు.

ఇక్కడనే మన తప్పు చెప్పవలసియున్నది. సంక్రాంతి దాటగనే మన మిరప తోటలకు కాయ కోయువారు కర్నూలు జిల్లా పడమటి మండలములైన కోసిగి, మంత్రాలయము మొదలగు చోట్లనుండి పిల్లాపాపలతో వత్తురు. ఖమ్మము ప్రాంతపు తోటలకు ఛత్తీసుగఢమునుండియు వత్తురు. వారు లేనిదే మన పంట కల్లమునకు చేరదు. వారెక్కడ పండుకొనుచున్నారు? చేను గట్టున నాలుగు కర్రలకు పట్టా కప్పి దానిక్రింద. మంచు, పాము, తేలు, మరుగు లేని బయలు. మన కాయకు తేమ తగులరాదని కల్లమున టార్పాలిను కప్పుదుము. పాత టార్పాలిను వారికి గుడారమునకిత్తుము. ఈ మాట కటువుగ నున్నను సత్యము. మేమును మా ప్రదర్శన క్షేత్రములలో పనిచేసినవారిని ఎక్కడ పండుకొంటిరని ఎన్నడో గాని యడుగలేదు.

చట్టమును ఈ సంగతి పూర్తిగ పట్టించుకొనలేదు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మిక చట్టము, ఇతర రాష్ట్రములనుండి గుత్తదారులు తెచ్చిన పనివారికి తగిన వసతి కల్పింపవలెనని విధించెను. కాని ఒకే రాష్ట్రమున ఒక జిల్లానుండి మరియొక జిల్లాకు పోవువారికి అది వర్తింపలేదు. కోసిగినుండి పల్నాటికి వచ్చినవాడు చట్టము దృష్టిలో వలసవాడే కాడయ్యెను. కేరళ ప్రభుత్వము 2019లో పాలక్కాడు జిల్లా కంజికోడులో ఇతర రాష్ట్రముల కార్మికులకై 620 మందికి చాలు వసతిగృహమును తెరచి అద్దెకిచ్చెను. అది కర్మాగారముల ప్రాంతము. పొలముల ప్రాంతమున అట్టిది ఏల కూడదు?

అద్దెకు ప్రభుత్వ సాయమన్న, ఆ సొమ్ము ఇంటి యజమాని సంచిలోనికి పోవునని కొందరందురు. అమెరికా దేశపు అనుభవము దీనికి కొంత సమాధానము చెప్పును. అచ్చట 1974 చట్టమునుబట్టి పేద కుటుంబము తన ఆదాయమున సుమారు నూటికి 30 వంతులు అద్దెకిచ్చును. ఒక మితికి లోబడి మిగిలిన అద్దెను ప్రభుత్వము యజమానికి చెల్లించును. 1970వ దశాబ్దమున గ్రీన్‌బే, సౌత్‌బెండ్ అను రెండు పట్టణ ప్రాంతములలో ఇట్టి సాయమునే పరీక్షించిరి. మొదటిచోట ఇండ్లు కరవు, రెండవచోట ఖాళీ ఇండ్లు మెండు. రెండుచోట్లను అద్దెలు చెప్పుకొనదగినంత పెరుగలేదు. అయితే తరువాత పరిశోధించిన వారిలో కొందరు, సాయము అందని పేదల అద్దెలు పెరిగినవనియు కనుగొనిరి. అర్హులైన కుటుంబములలో నాలుగింట ఒకదానికి మాత్రమే ఆ సాయము అందుచున్నది. తక్కినవారు ఏండ్లతరబడి వరుసలో నుందురు. దీనివలన మనము నేర్వవలసినది, అద్దె సాయము చెడ్డదని కాదు; అరకొరగ నిచ్చిన సాయము అందనివానికి బరువగునని.

మా అభిప్రాయమున తడి యున్న నేలకు ఎరువు కావలెను, తడి లేని నేలకు ముందు బావి కావలెను. పట్టణములలో ఖాళీ ఇండ్లున్నచోట పేదవానికి అద్దె సొమ్ము చేర్చుట ఎరువువంటిది; వెంటనే ఫలించును. మన మిరప పల్లెలో కోతలనాడు వందలమంది ఒక్కసారిగ దిగుదురు. అద్దెకు గది యనునదే లేదు. ఇచ్చట చేతికి అద్దె సొమ్మిచ్చి ఏమి లాభము? ముందు విడిది కట్టవలెను.

కావున మేము సూచించున దిది. ప్రభుత్వమువారు ఇల్లు మంజూరు చేయునపుడు, పాక పీకిన కుటుంబమునకు ఆరు నెలల అద్దెను సహాయములో ప్రత్యేక పద్దుగ చేర్చవలెను. మొదటి విడతను పునాదికి ముందే కొంతయైన నీయవలెను. స్థలము లేని కూలివారికి మండల కేంద్రములలో ప్రభుత్వ ధనముతో తక్కువ అద్దె ఇండ్లు కట్టి పంచాయతీలకు అప్పగింపవలెను. ఇవి వారి పనులు. మహజరు వ్రాసి పంపుట మన పని. ఇక పూర్తిగ మన చేతిలోనివి రెండు: ఒకటి ముందు చెప్పిన వంతెన ఋణనిధి, రెండవది ఊరివెలుపల రేకుల కప్పుతో, నీటి కుళాయి, మరుగుదొడ్లు, దీపములు గల విడిది. కోతకాలము నాలుగు నెలలు కూలివారికి. తక్కిన కాలము సంఘపు ఎరువుల బస్తాలకు. స్థలము పంచాయతీ నడుగుదము. క్వింటాలు మిరపకు పది రూపాయలు చొప్పున సభ్యులు విడిదినిధికి విడిచినచో, నూరు క్వింటాళ్లు పండించు రైతునకు రు. 1,000 అగును. ఒక్క మందు పిచికారి ఖర్చుకన్న ఇది హెచ్చు కాదు. వసతి బాగున్న ఊరికి మరుసటి యేడు కూలివారు అడుగకయే వత్తురని వేరుగ చెప్పనేల?

వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ రెండు తీర్మానములను ప్రతిపాదింప మేము నిశ్చయించుకొంటిమి. అనుకూలురును ప్రతికూలురును వచ్చి తమ తమ లెక్కలతో మాటలాడవలెనని ప్రార్థించుచున్నాము. మిరప నారు పోయువేళకు ముందే ఈ సంగతి తేలవలెను. విడిది ఈ యేడు లేవకున్న, మాఘమాసపు మంచులో గట్టున మరల ఆ గుడారములే వెలయును. అప్పుడు తీర్మానించిన ప్రయోజనము లేదు.